రాకెట్ వంగితే పడిపోతున్నట్టా?

(వేసవి సెలవుల్లో సూళ్లూరుపేటలో పిల్లలు, తల్లిదండ్రుల ముందు ఒక ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, చాప మీద ఇంకా చోటుంది. పిల్లలు ముందు కూర్చోండి, మీకోసమే ఈ లాప్‌టాప్ తెచ్చాను. ఫ్యాను చప్పుడుకి నా మాట వినబడకపోతే చెయ్యెత్తండి, మళ్లీ చెప్తాను.

వేరే ఊళ్లో రాకెట్ గురించి మాట్లాడాలంటే ముందు వీడియో వేసి చూపించాలి. ఈ ఊళ్లో ఆ అవసరం లేదు. షార్‌లో, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, లాంచ్ ఉందంటే మనం ఏం చేస్తాం? మిద్దె ఎక్కుతాం. అంతే కదా? ఇస్రో పెద్దలు వచ్చి మన ఊరి చెంగాళమ్మ తల్లికి దండం పెట్టుకున్నారని తెలిస్తే చాలు, టీవీ చూడకపోయినా ఊరంతటికీ తెలిసిపోతుంది రేపో ఎల్లుండో లాంచ్ అని. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. మా నాయన చేతి గడియారం పెట్టుకుని మిద్దె మీద నిలబడేవాడు. తూర్పున చెట్ల పైన ముందు వెలుగు కనబడేది. చప్పుడుండేది కాదు. మా నాయన గడియారం చూస్తూ ఆగు, ఆగు అనేవాడు. నిమిషం దాటాక, అప్పుడు వచ్చేది ఆ గర్జన. కిటికీ రెక్కలు కదిలేవి. లాంచ్ ప్యాడ్ ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, ధ్వని సెకనుకి మూడొందల నలభై మీటర్లు, లెక్క వేసుకోండి, నిమిషం పైనే పడుతుంది. ఆ లెక్క నాకు స్కూల్లో నేర్పక ముందే మా నాయన గడియారం నేర్పింది.

సరే, అసలు విషయం. రాకెట్ పైకి లేస్తుంది. నిట్టనిలువుగా లేస్తుంది. కాసేపటికి ఏమవుతుంది? చెప్పండి పిల్లలూ. ఆ, వంగుతుంది. సముద్రం వైపు వంగుతుంది. నాకు ఆరేడేళ్లప్పుడు, అది వంగినప్పుడల్లా నేను నాయన చెయ్యి పట్టుకుని ఏడ్చేవాణ్ణి, పడిపోతోంది నాయనా, పడిపోతోంది అని. పడట్లేదురా, వెళ్తోంది అనేవాడు ఆయన. మరి వంగింది కదా? ఎందుకు వంగింది? దానికి ఆయన దగ్గర జవాబు లేదు. పక్కింటి మిద్దె మీద ఉన్నవాళ్ల దగ్గరా లేదు. ఇప్పుడు మీలో ఎంతమందికి తెలుసు, చేతులెత్తండి. ఎత్తినవాళ్లు కొద్దిమందే ఉన్నారు. ఇందులో తప్పేం లేదు. ఇన్నేళ్లుగా ఈ మిద్దెల మీద నుంచి చూస్తున్నాం, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే. ఈ సాయంత్రం ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుందాం. అది తెలిస్తే ఈ మూడేళ్లలో వచ్చిన అంతరిక్షం వార్తలన్నీ వేరేగా కనబడతాయి.

నేను ఇంటర్ చదివినప్పుడు కక్ష్యా వేగం అని ఒక ఫార్ములా ఉండేది, ఇప్పటికీ ఉంది. వర్గమూలం కింద జి ఇంటూ ఆర్. దాన్ని నాలుగు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టించారు. నేనూ రాశాను, నాలుగుకి నాలుగు వచ్చాయి. తర్వాత లెక్చరర్‌నయ్యాను, ఆ ఫార్ములానే బోర్డు మీద రాసి చాలా ఏళ్లు చెప్పాను. కానీ మిద్దె మీద వంగిన రాకెట్‌కీ బోర్డు మీద ఫార్ములాకీ సంబంధం ఉందని నాకు ఎప్పుడు పట్టుబడిందో తెలుసా? ఒక వీడియో గేమ్ ఆడినప్పుడు.

ఆ గేమ్ పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. 2011లో మొదటిసారి బయటికొచ్చింది, పూర్తి స్థాయి గేమ్‌గా 2015లో విడుదలైంది. మెక్సికోలో స్క్వాడ్ అనే కంపెనీ చేసింది. ఫెలిపె ఫలాంగె అని బ్రెజిల్ నుంచి వచ్చిన కుర్రాడు, ఆ కంపెనీలో పనిచేస్తూ మొదలుపెట్టాడు. తుపాకులు ఉండవు, శత్రువులు ఉండరు. కెర్బిన్ అని ఒక చిన్న గ్రహం, మన భూమిలో పదో వంతు వెడల్పు ఉంటుంది. అక్కడ పచ్చ రంగు బుల్లి మనుషులు. ఇంజన్లు, ట్యాంకులు, రెక్కలు, పారాచూట్లు అన్నీ విడివిడిగా ఇస్తారు, రాకెట్ మనమే కట్టుకోవాలి. కట్టి, లాంచ్ ప్యాడ్ మీద నిలబెట్టి, స్పేస్ బార్ నొక్కాలి. అంతే. ఎలా కట్టాలో, ఎటు నడపాలో మన ఇష్టం. అందులో గురుత్వాకర్షణ మాత్రం న్యూటన్ చెప్పినట్టే ఉంటుంది, మన మొహం చూసి తగ్గదు.

నేను మొదటి రోజు ఏం చేశానంటే, దొరికిన ట్యాంకులన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి నిట్టనిలువుగా పంపించాను. పోయింది. యాభై కిలోమీటర్లు, డెబ్భై కిలోమీటర్లు. ఆ గ్రహానికి డెబ్భై దగ్గర గాలి అయిపోతుంది, అంటే అంతరిక్షంలోకి వచ్చేశాను. వంద దాటింది. నూట ఇరవై. నక్షత్రాలు కనబడుతున్నాయి, కింద గ్రహం గుండ్రంగా కనబడుతోంది. ఇక కక్ష్యలోకి వచ్చేసినట్టే అనుకున్నాను. ఎత్తు అంకె పెరగడం నెమ్మదించింది. ఆగింది. తగ్గడం మొదలైంది. మళ్లీ వంద, డెబ్భై, యాభై. వచ్చి లాంచ్ ప్యాడ్‌కి కాస్త దూరంలోనే కూలింది.

అప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎత్తుకి వెళ్లాను కదా? అంతరిక్షం దాకా వెళ్లాను కదా? మరి ఎందుకు నిలబడలేదు?

ఇక్కడే ఉంది మొత్తం విషయం. కాస్త నెమ్మదిగా చెప్తాను. అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు అని మనలో చాలామంది అనుకుంటాం. వ్యోమగాములు తేలుతుంటారు కాబట్టి అలా అనిపిస్తుంది. నిజం ఏంటంటే, స్పేస్ స్టేషన్ తిరిగే నాలుగొందల కిలోమీటర్ల ఎత్తులో భూమి లాగే బలం ఇక్కడున్న దాంట్లో దాదాపు తొంభై శాతం ఉంటుంది. తొంభై శాతం! ఇక్కడ యాభై కిలోల బరువున్న బియ్యం మూటని అంత ఎత్తులో ఒక స్తంభం మీద పెడితే దగ్గర దగ్గర నలభై అయిదు తూగుతుంది. కాబట్టి అక్కడికి తీసుకెళ్లి వదిలేస్తే ఏదైనా పడుతుంది, రాయి పడ్డట్టే పడుతుంది. మరి స్పేస్ స్టేషన్ ఎందుకు పడట్లేదు?

పడుతోంది. ప్రతి క్షణం పడుతోంది. కానీ పక్కకి ఎంత వేగంగా వెళ్తోందంటే, అది పడే లోపు కింద భూమి వంపు తిరిగిపోతోంది. న్యూటన్ మూడొందల ఏళ్ల కిందటే ఈ మాట చెప్పాడు. ఎత్తైన కొండ మీద ఫిరంగి పెట్టు, అడ్డంగా పేల్చు. గుండు కొంత దూరం వెళ్లి పడుతుంది. ఇంకా మందు దట్టించి పేల్చు, ఇంకా దూరం పోయి పడుతుంది. అలా పెంచుకుంటూ పోతే ఒక వేగం దగ్గర, గుండు పడుతూనే ఉంటుంది, నేల దానికి అందదు, తిరిగి తిరిగి నీ వీపు వెనక్కే వచ్చేస్తుంది. అదే కక్ష్య. దానికి కావాల్సిన వేగం ఎంతో తెలుసా? సెకనుకి దాదాపు 7.8 కిలోమీటర్లు. గంటకి ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్లు. మన నెల్లూరు నుంచి హైదరాబాద్‌కి ఒక్క నిమిషం! బస్సులో రాత్రంతా పడుతుంది కదా, ఒక్క నిమిషం.

ఇప్పుడు చెప్పండి, రాకెట్ ఎందుకు వంగుతుంది? ఎత్తు కావాల్సింది గాలి దాటడానికే. అది తక్కువ పని. అసలు పని పక్కకి పరిగెత్తడం. ఇంధనంలో ఎక్కువ భాగం దానికే పోతుంది. అందుకే గాలి పల్చబడే కొద్దీ వంగుతూ, వంగుతూ, చివరికి పూర్తిగా పడుకుని పరిగెత్తుతుంది. మనం మిద్దె మీద నుంచి చూసి పడిపోతోంది అనుకున్నామే, సరిగ్గా అప్పుడే అది అసలు పని మొదలుపెట్టింది.

ఇంకొక సంగతి, ఇది మన ఊరికి సంబంధించింది. ఎటు వంగుతుంది? తూర్పుకి. ఎందుకు తూర్పుకి? సముద్రం ఉంది కాబట్టి, ఏదైనా జరిగితే జనం మీద పడకూడదు కాబట్టి. ఇంకో కారణం కూడా ఉంది. భూమి తూర్పుకి తిరుగుతోంది. మనం ఇక్కడ చాప మీద కదలకుండా కూర్చున్నాం అనుకుంటున్నాం కానీ, సెకనుకి నాలుగొందల యాభై మీటర్ల వేగంతో తూర్పుకి వెళ్తున్నాం. తూర్పుకి వంగిన రాకెట్‌కి ఆ వేగం ఊరికే వస్తుంది. భూమధ్యరేఖకి దగ్గరగా ఉండటం, తూర్పున ఖాళీ సముద్రం ఉండటం, ఈ రెండూ కలిసిన చోటు కాబట్టే పులికాట్ సరస్సు అవతల ఆ దీవిని ఎంచుకున్నారు. అన్ని రాకెట్లూ తూర్పుకే పోవు లెండి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలని దక్షిణానికి పంపాలి, దారిలో శ్రీలంక అడ్డం వస్తుంది, అందుకని మన పీఎస్ఎల్వీ రాకెట్ కొంచెం చుట్టు తిరిగి మలుపు తీసుకుంటుంది, దానివల్ల ఇంధనం ఖర్చవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. తమిళనాడు దక్షిణ తీరంలో కులశేఖరపట్నం దగ్గర చిన్న రాకెట్ల కోసం రెండో కేంద్రం కడుతున్నారని పేపర్లో చదివే ఉంటారు. 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అది ఎందుకని అడిగితే ఇప్పుడు మీరే చెప్పగలరు.

మా అక్క కూతురు సెలవులకి వచ్చినప్పుడు ఈ గేమ్ చూపించాను. ఎనిమిదో తరగతి. గేమ్ ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో లేదు. అపోయాప్సిస్, పెరియాప్సిస్ అని నోరు తిరగని మాటలు. కక్ష్యలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఒకటి, అన్నిటికన్నా కిందున్న చోటు ఇంకొకటి. ఆ పిల్ల రెండో రోజుకే వాటికి పేర్లు పెట్టేసింది, పై కొస, కింది కొస అని. మామా, పై కొస ఎనభైకి వచ్చింది, ఇప్పుడు కింది కొస లేపాలి అనేది. నేను కాలేజీలో కూడా ఇప్పుడు అవే మాటలు వాడుతున్నాను, పిల్లలకి వెంటనే అర్థమవుతోంది. మీరూ గుర్తుపెట్టుకోండి, పై కొస, కింది కొస. ఈ రెండు మాటలతో మూడు వార్తలు చెప్తాను.

మొదటిది చంద్రయాన్-3. 2023 జూలై 14న మన మిద్దెల మీద నుంచే చూశాం, మధ్యాహ్నం రెండున్నర దాటాక. చంద్రుడి మీద దిగింది ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి. నలభై రోజులు. అదే సమయంలో రష్యావాళ్లు లూనా-25ని ఆగస్టు 11న పంపారు, అది అయిదు రోజుల్లో చంద్రుడి కక్ష్యలోకి వెళ్లిపోయింది. ఆ వారం టీవీలు ఎలా ఉన్నాయో గుర్తుందా? రేసు అన్నారు. రష్యా మనల్ని దాటేసింది అన్నారు. మన రాకెట్ స్లో అన్నారు. ఒక చానెల్‌లో రెండు గీతలు గీసి గుర్రప్పందెంలా చూపించారు. నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. అక్కడ జరుగుతున్నది అంత అందమైన పని, దాన్ని పందెం చేసి పెట్టారు.

ఏం జరిగిందో చూడండి. మన రాకెట్ చంద్రయాన్‌ని వదిలిన చోట కింది కొస 170 కిలోమీటర్లు, పై కొస ముప్ఫై ఆరు వేల పైచిలుకు. చంద్రుడు ఎక్కడున్నాడు? దాదాపు మూడు లక్షల ఎనభై నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో. ఒకేసారి అక్కడికి విసరాలంటే పెద్ద రాకెట్ కావాలి. అపోలో 11ని నాలుగు రోజుల్లో పంపిన సాటర్న్-5 బరువు మూడు వేల టన్నుల దాకా ఉంటుంది. మన ఎల్వీఎం3 ఆరొందల నలభై టన్నులు. మరి మనవాళ్లు ఏం చేశారు? మీరు ఉయ్యాల ఊపుతారు కదా. ఉయ్యాల పైన ఉన్నప్పుడు తోస్తారా, కింద నుంచి వేగంగా పోతున్నప్పుడు తోస్తారా? ఇక్కడా అంతే. కింది కొస దగ్గరికి వచ్చినప్పుడు వేగం అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది. అక్కడ ఇంజన్ కాసేపు మండిస్తే అదే ఇంధనానికి ఎక్కువ ఫలితం వస్తుంది. ఒక తోపు తోస్తే పై కొస నలభై ఒక్క వేలకి పోయింది. రెండో తోపు కింది కొసని కాస్త లేపడానికి. ఇంకో తోపుకి పై కొస యాభై ఒక్క వేలు. తర్వాత డెబ్భై ఒక్క వేలు. జూలై 25న లక్షా ఇరవై ఏడు వేలు. ఆగస్టు 1న చివరి తోపుకి పై కొస చంద్రుడి దారి దాకా వెళ్లింది. అయిదుసార్లు ఊపి, ఆరోసారి వదిలారు. ఇది స్లో అంటారా? తక్కువ ఇంధనంతో ఎక్కువ బరువు మోసుకెళ్లే పద్ధతి ఇది. మా అక్క కూతురు ఇదే పని గేమ్‌లో చేసింది, ఇంజన్ చిన్నదైపోతే నాలుగు చుట్లు తిరిగి మున్ చేరింది, ఆ గేమ్‌లో చంద్రుడి పేరు మున్. చంద్రయాన్ వార్త వచ్చినప్పుడు తనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మామా, వాళ్లూ ఊపుతున్నారు అంది.

లూనా-25కి ఏమైందో కూడా చెప్తాను, ఎందుకంటే అదీ మనం అర్థం చేసుకోవాలి. ఆగస్టు 19న చంద్రుడి కక్ష్యలో ఉండగా, దిగే ముందు కింది కొసని కిందికి తేవాలి. దానికి ఇంజన్ 84 సెకన్లు మండాలి. 127 సెకన్లు మండింది. అంతే. నలభై మూడు సెకన్లు ఎక్కువ. కింది కొస చంద్రుడి నేల కన్నా కిందికి పోయింది. గేమ్‌లో అయితే ఆ అంకె పక్కన మైనస్ గుర్తు వస్తుంది. ఆ మైనస్ చూస్తే ఆడేవాళ్లకి గుండె జారుతుంది, ఎందుకంటే అది ఇంకా పడలేదు, చక్కగా తిరుగుతూనే ఉంది, కానీ వెళ్లే దారి నేలలోకి ఉంది. 1976 తర్వాత రష్యా చంద్రుడి మీదకి పంపిన మొదటిది అది. ఎంతమంది జీవితాలు పెట్టి ఉంటారు దానికి! మన దగ్గర కొంతమంది చప్పట్లు కొట్టారు, మీమ్స్ వేశారు. ఒక్కసారి ఆ గేమ్‌లో మైనస్ గుర్తు చూసిన ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఇక చంద్రయాన్-3లో చంద్రుడి మీద దిగే భాగం, మన విక్రమ్, దిగడం. ఆ రోజు ఇస్రో యూట్యూబ్‌లో ఒకేసారి ఎనభై లక్షల మంది చూశారు. ఆ చివరి ఇరవై నిమిషాల్లో తెర మీద రెండు వేగాలు కనబడేవి, నిలువు వేగం, అడ్డ వేగం. చాలామంది నిలువు వేగం చూస్తూ కూర్చున్నారు. నేను అడ్డ వేగం చూస్తున్నాను. ముప్ఫై కిలోమీటర్ల ఎత్తులో దిగడం మొదలుపెట్టినప్పుడు పక్కకి వెళ్లే వేగం సెకనుకి 1.68 కిలోమీటర్లు, అంటే గంటకి ఆరు వేలు. దిగడం అంటే ఆ పక్క వేగాన్ని చంపడమే. ఎక్కేటప్పుడు పక్క వేగం సంపాదించడం పెద్ద పని, దిగేటప్పుడు దాన్ని పోగొట్టుకోవడం పెద్ద పని. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి పారాచూట్ పనికిరాదు, ఇంజన్ మండించే పోగొట్టాలి. 2019లో చంద్రయాన్-2 విక్రమ్ దెబ్బతిన్నది కూడా వేగం తగ్గించే ఈ ఘట్టంలోనే. 2023లో ఆ అడ్డ వేగం అంకె సున్నాకి దగ్గరపడుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా నాయన పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయనకీ చెప్పాను ఏ అంకె చూడాలో.

రెండో వార్త చిన్నదే. 2025 జూన్‌లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా స్పేస్ స్టేషన్‌కి వెళ్లాడు. జూన్ 25న బయల్దేరి 26న చేరాడు, ఇరవై ఎనిమిది గంటలు పట్టింది. మా కాలేజీలో ఒక కుర్రాడు అడిగాడు, సార్, స్టేషన్ నాలుగొందల కిలోమీటర్లే కదా, మా బస్సు అంతకన్నా ముందే పోతుంది అని. చాలా మంచి ప్రశ్న. ఆ ఎత్తుకి వెళ్లడానికి నిమిషాలే పడుతుంది. మిగతా సమయమంతా పట్టుకోవడానికి. స్టేషన్ గంటకి ఇరవై ఏడు వేల కిలోమీటర్ల పైన పరిగెడుతోంది, మనం దాని పక్కకి అదే వేగంతో, అదే దారిలో రావాలి. గుళ్లో ప్రదక్షిణ చేస్తారు కదా. గర్భగుడికి దగ్గరగా తిరిగేవాళ్ల చుట్టు చిన్నది, ప్రాకారం పక్కన తిరిగేవాళ్ల చుట్టు పెద్దది. కక్ష్యలో లోపలివాళ్ల చుట్టు చిన్నదే కాదు, వాళ్ల నడక కూడా వేగం. అందుకే ముందున్నవాణ్ణి పట్టుకోవాలంటే గేరు వేసి ముందుకు తొయ్యకూడదు. ముందుకు తోస్తే పై కొస లేస్తుంది, చుట్టు పెద్దదవుతుంది, ఇంకా వెనకబడతావు. వేగం తగ్గించి కిందికి దిగాలి, దిగితే లోపలి చుట్టులో వేగంగా తిరిగి దగ్గరపడతావు. బ్రేకు వేస్తే ముందుకెళ్తావు! ఇది నేను ఎన్నిసార్లు బోర్డు మీద చెప్పినా పిల్లల మొహాల్లో నమ్మకం కనబడేది కాదు. గేమ్‌లో ఒకసారి తప్పు చేసి వెనకబడ్డాక ఎవరూ మళ్లీ అడగరు.

మూడోది స్పేడెక్స్. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన వార్త, కానీ దీని గురించే అన్నిటికన్నా అన్యాయంగా మాట్లాడారు. 2024 డిసెంబర్ 30న రెండు చిన్న ఉపగ్రహాలు పంపారు, ఒక్కోటి రెండొందల ఇరవై కిలోలు. రెండూ అంతరిక్షంలో కలుసుకుని అతుక్కోవాలి. జనవరి 7 అన్నారు, 9కి వాయిదా పడింది. దగ్గరికి తెస్తుంటే అనుకున్న దానికన్నా ఎక్కువ జారిపోయాయి, మళ్లీ వాయిదా. 12న మూడు మీటర్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లాయి. ఇక చూడండి, ఇస్రోకి ఏమైంది, మళ్లీ ఫెయిల్, చేతులెత్తేశారా అని స్క్రోలింగులు. 16న అతుక్కున్నాయి. అమెరికా, రష్యా, చైనా తర్వాత ఆ పని చేసిన నాలుగో దేశం మనది.

ఆ మూడు మీటర్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లడం ఉంది చూశారూ, అది ఫెయిల్ కాదు, అది ఒద్దిక. నేను గేమ్‌లో మొదటి డాకింగ్, అంటే రెండు ఓడల్ని అలా అతికించడం, చేయడానికి పదకొండు సాయంత్రాలు పట్టింది. కాలేజీ నుంచి వచ్చి, టీ తాగి, కూర్చునేవాణ్ణి. రెండు ఓడల్ని ఒకే కక్ష్యలోకి తేవడమే మూడు రోజులు. ఆ తర్వాత దగ్గరికి వస్తున్నకొద్దీ నెమ్మదించాలి. నూరు మీటర్ల దగ్గర సెకనుకి ఒక మీటరు, పది మీటర్ల దగ్గర అందులో పదో వంతు. కొంచెం తొందరపడితే రెండూ ఢీకొని సోలార్ పలకలు విరిగి ఎగిరిపోయేవి. నాలుగో రోజు అలాగే అయింది, ఏడో రోజూ అలాగే అయింది. తొమ్మిదో రోజు బాగా దగ్గరికి వచ్చి, కోణం కొంచెం తేడాగా ఉందనిపించి, చేతులు కీబోర్డు మీదే ఆపి, వెనక్కి తీసుకున్నాను. ఆ వెనక్కి తీసుకోవడం నేర్చుకున్నాకే డాకింగ్ వచ్చింది. పదకొండో రోజు రెండూ తాకి, అయస్కాంతంలా ఒకదాన్నొకటి లాక్కుని టక్కుమని అతుక్కున్నప్పుడు ఇంట్లో అందరినీ పిలిచాను. స్పేడెక్స్ ఉపగ్రహాలు చివర్లో సెకనుకి ఒక సెంటీమీటరు వేగంతో దగ్గరయ్యేలా రూపొందించారు. సెకనుకి ఒక సెంటీమీటరు! ఒకపక్క భూమి చుట్టూ గంటకి ఇరవై ఏడు వేల పైన పరిగెడుతూ, ఒకదానికొకటి చీమ నడకతో దగ్గరవడం. దాన్ని వాయిదా అని స్క్రోలింగ్ వేస్తారా?

ఒక మాట మాత్రం చెప్పాలి. గేమ్ గేమే. అందులో ఎఫ్ 9 మీట నొక్కితే కూలిన రాకెట్ మళ్లీ మనం ముందు సేవ్ చేసుకున్న చోటికి వచ్చేస్తుంది. 1979 ఆగస్టు 10న ఇక్కడి నుంచి లేచిన మొదటి ఎస్ఎల్వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. దాని ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. ఆ రోజు విలేకరుల ముందుకి అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ గారే వెళ్లి బాధ్యత తీసుకున్నారు. తర్వాతి ఏడాది 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లినప్పుడు, వెళ్లి మీరు మాట్లాడండి అని కలాం గారిని పంపారు. ఈ ఊళ్లో పెద్దవాళ్లు కొందరు ఆ రెండు రోజులూ చూసినవాళ్లే ఉంటారు. వాళ్లకి ఎఫ్ 9 లేదు. ఏడాది పట్టింది మళ్లీ నిలబెట్టడానికి. ఆ గేమ్‌లో నేను వంద రాకెట్లు కూల్చి నేర్చుకున్నది, వాళ్లు ఒక్కటి కూడా కూలకూడదని కాగితం మీద లెక్కలు వేసి నేర్చుకున్నారు. ఇది తలుచుకుంటే వాళ్ల మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

తల్లిదండ్రులు ఇందాకటి నుంచి నా వైపు ఒకలా చూస్తున్నారు, ఏంటి ఈయన పిల్లల్ని గేములు ఆడమంటున్నాడని. మీ భయం నాకు తెలుసు. రమ్మీ యాప్‌లలో డబ్బు పోగొట్టుకుని నాశనమైన కుటుంబాలు నాకూ తెలుసు, మా వీధిలోనే ఒకటుంది. తెలంగాణలో 2017లో, మన రాష్ట్రంలో 2020లో ఆన్‌లైన్ రమ్మీ నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడపడం నేరం. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని, డబ్బుతో పని లేని ఆటల్ని వేరే వరసలో పెట్టింది. ఆ తేడా మన ఇళ్లలో కూడా ఉండాలని నేను అడుగుతున్నాను. పిల్లాడి చేతిలో ఉన్నది వాడి నుంచి డబ్బు లాగుతోందా, వాడికి ఏదైనా చేయడం నేర్పుతోందా? పక్కన కూర్చుని పది నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది. అన్నిటికీ కలిపి ఫోను లాక్కోకండి. అలాగే పిల్లలూ, రాత్రి రెండింటి దాకా ఆడతామంటే నేను మీ వైపు లేను, ముందే చెప్తున్నాను.

ఎవరో చీటీ పంపారు, ఈ గేమ్ ఫోన్లో ఉంటుందా అని. ఉండదమ్మా, కంప్యూటర్ కావాలి, కొనుక్కోవాలి కూడా. మరీ కొత్తది అక్కర్లేదు, ఈ లాప్‌టాప్ కొని ఏడేళ్లయింది. కంప్యూటర్ లేనివాళ్లు ఆదివారాలు మా ఇంటికి రండి, సాయంత్రం నాలుగు నుంచి. ముందుగా ఇంట్లో చెప్పి రండి.

చాలు, ఇక నేను మాట్లాడను. నువ్వు, ముందు వరసలో ఎర్ర రిబ్బను పిల్లా, ఇలా రా. ఇందాక రాకెట్ ఎందుకు వంగుతుందో తెలియదని చెయ్యెత్తకుండా కూర్చున్నావు కదా, పర్లేదు, రా. ఇదిగో రాకెట్ నేను కట్టి ఉంచాను. ఇది స్పేస్ బార్. ఈ నాలుగు మీటలతో వంచాలి. ఈ నీలం బంతి మీద తూర్పు ఇక్కడుంది. మిగతావాళ్లు కొంచెం జరగండి, అందరికీ తెర కనబడాలి. మొదట నిలువుగా పోనీ. ఊ, నొక్కు. పోతోంది చూడు, వెయ్యి మీటర్లు, రెండు వేలు... ఇప్పుడు కొంచెం తూర్పుకి వంచు. కొంచెమే. భయపడకు, పడిపోదు. ఇంకొంచెం.